గాలి పోయిన ఫ్లాట్

"గాలి పోయింది" అనాలా, "ఫ్లాట్ అయింది" అనాలా అన్నది తేలక ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉప్మా చల్లారిపోయింది.

కూరగాయలకని కిందికి దిగిన నేను, కారు ఎడమ వైపు వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉండడం చూసి పైకొచ్చాను. "ఏవండీ, కారు టైరులో గాలి పోయింది" అన్నాను. మా ఆయన భానుమూర్తి బీమా కంపెనీలో క్లెయిములు చూస్తారు. ఏదైనా జరిగిందని ఆయన ఒప్పుకోవాలంటే ముందు దానికి తగిన మాట దొరకాలి.

"గాలి పోయిందంటే ఎవరికో ధైర్యం పోయినట్టుంది. ఫ్లాట్ అయింది అనాలి" అన్నారు.

"పోనీ పంక్చర్ అందాం. ఇద్దరికీ గొడవ ఉండదు."

"మేకు చూశావా?"

"లేదు."

"మేకు చూడకుండా పంక్చర్ అని ఎలా అంటావు? కారణం తెలియనప్పుడు స్థితి మాత్రమే చెప్పాలి. ఫ్లాట్ అనేది స్థితి."

మా అత్తగారు సుందరమ్మ గారు ప్లేటు ముందుకు జరుపుకున్నారు. "మీరు ఏ పేరు పెట్టినా అది లేచి కూర్చోదు. ఉప్మా తినండి" అన్నారు.

ఆమె మాట వినుంటే ఈ కథ లేదు. మా ఆయన మాత్రం వాదన నెగ్గడానికి ఫోను తీసి, మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో రాసేశారు: "అందరికీ నమస్కారం. రాత్రి పార్కింగులో మా కారు ఫ్లాట్ అయింది. గమనించగలరు."

మా అపార్టుమెంటు పేరు గౌతమీ నివాస్. రాజమండ్రిలో, రైలు చప్పుడు వినపడేంత దూరంలో, ఇరవై నాలుగు ఫ్లాట్లు. అసోసియేషన్ అధ్యక్షులు వీరభద్రం గారు సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో సృష్టి రెండు భాగాలు: చరాస్తి, స్థిరాస్తి. మనుషులు వీటిలో దేనికో ఒకదానికి హక్కుదారులు, లేకపోతే సాక్షులు. ఆయన పదవిలోకి వచ్చాక అసోసియేషన్ వ్యవహారాలన్నీ దస్తావేజు భాషలోనే జరగాలని తీర్మానం అయింది. లిఫ్టు చెడిపోతే "సదరు లిఫ్టు యథాస్థితియందు లేదు" అని బోర్డు పెడతారు. ఆ బోర్డు చదివి అర్థం చేసుకునేలోపు మెట్లెక్కి ఇల్లు చేరిపోవచ్చు.

ఇక కారు సంగతి. అది సెకండ్ హ్యాండు కారు. ఆరేళ్లపాటు పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్పి నేను కొనుక్కున్నాను. నడిపేదీ నేనే; మా ఆయనకి డ్రైవింగ్ రాదు, కానీ పక్క సీట్లో కూర్చుని నేర్పుతారు. మా ఇంట్లో నా పేరు రాసి ఉన్న వస్తువు అదొక్కటే. ఫ్లాటు మా ఆయన పేరున ఉంది. గ్యాసు కనెక్షన్ ఆయన పేరునే ఉంది. స్టీలు గిన్నెలన్నిటి మీదా మా అత్తగారి పేరు చెక్కించి ఉంది. అందుకని ఆ కారుకి ఏదైనా అయిందంటే, అందరికీ ఓ ఇబ్బంది, నాకు కొంచెం ఎక్కువ.

సర్వీసు సెంటరుకి ఫోను చేశాను. బండిని లాక్కెళ్తామని, వెనక రెండు టైర్లూ జతగా మార్చాలని, అప్పుడే బ్యాలెన్సు కుదురుతుందని అవతలాయన ఎంతో ఆప్యాయంగా చెప్పాడు. ఒక చెప్పు తెగితే రెండు కాళ్లూ మార్చుకోమన్నట్టుంది. స్టెప్నీ ఉందిగా అంటారా, అది కారుతో పాటే వచ్చింది; కారు కంటే ముందే పోయింది. ఇంట్లోనే బాగుచేసుకుందామని నిర్ణయించుకున్నాను. ట్యూబులేని టైరుకి పంక్చర్ వేయడం పెద్ద విద్యేం కాదు. ఆ సామాను నా దగ్గర ఉంది: రెండు సూదుల్లాంటి పనిముట్లు, జిగురు పట్టించిన తాడుముక్కలు, కారు ప్లగ్గులోనే గుచ్చుకునే గాలిపంపు. అన్నీ కలిపి సర్వీసు సెంటరు వాడి ఆప్యాయతలో పదో వంతు ఖరీదు చేయవు.

గిన్నెలో కుంకుడురసం నురగ కొట్టుకుని కిందికి తీసుకెళ్లాను. ఉన్న కాస్త గాలి బయటికి వస్తుంటే నురగ బుడగ కడుతుంది. టైరు మీద గుడ్డతో పూసి, కారుని కాస్త ముందుకీ వెనక్కీ కదిపి చూశాను. మూడోసారికి ఒకచోట బుడగ ఉబ్బింది. మేకే. దాని తల అరిగి, మెరుస్తోంది. పట్టకారు పెట్టి లాగబోతుండగా వెనక నుంచి గొంతు వినపడింది.

"చెయ్యి తీయండమ్మా."

కార్యదర్శి పట్టాభి గారు. పక్కన వాచ్‌మన్ సూరిబాబు. పట్టాభి గారి చేతిలో గొలుసు, తాళం.

"సదరు ఫ్లాటుకు మరమ్మతు చేయడానికి తమరికి అనుమతి ఉన్నదా?" అన్నారు పట్టాభి గారు.

"ఏ ఫ్లాటుకండీ?"

"ఇదే." కారు చూపించారు. "మీవారే ప్రకటించారు కదమ్మా, పార్కింగులో ఫ్లాట్ అయిందని."

"ఫ్లాట్ అంటే టైరు ఫ్లాట్ అండీ. గాలి పోయింది."

"టైరు అన్న మాట సదరు సందేశంలో లేదు." జేబులోంచి ఫోను తీసి చదివారు. "'మా కారు ఫ్లాట్ అయింది.' కర్త కారు, ఫలితం ఫ్లాట్. అధ్యక్షుల వారు నాలుగుసార్లు చదివారు."

"మీకైనా తెలుస్తోందిగా సూరిబాబూ" అన్నాను.

"ఆయ్, తెలుస్తోందండి" అన్నాడు సూరిబాబు. "కానీ నాకు తెలిస్తే ఏం లాభవండి, నేను వాచ్‌మన్నండి" అంటూ గొలుసు చక్రానికి చుట్టి తాళం వేశాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన, నేను వీరభద్రం గారింటికి వెళ్లాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని మమ్మల్ని ఇద్దరినీ, గుర్తింపు కార్డులతో సరిచూస్తున్నట్టుగా చూశారు.

"పొరపాటున రాశానండి" అన్నారు మా ఆయన. "టైరు గురించి."

"భానుమూర్తి గారూ, ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను పాటించిన సూత్రం ఒక్కటే. రాసింది చదవాలి, అనుకున్నది చదవకూడదు. అనుకున్నది చదవడం మొదలుపెడితే ఈ జిల్లాలో ఒక్క గట్టూ ఉన్నచోట ఉండదు."

"కానీ అది కారండీ. కదిలే వస్తువు."

"కదులుతుందా?"

మా ఆయన నా వైపు చూశారు.

"ఇప్పుడు కదలదు" అన్నాను.

"కదలని ఆస్తి పేరేమిటమ్మా?"

నేను డిగ్రీలో మూడేళ్లు తప్పు జవాబు చెప్పకుండా చదివినదాన్ని. "స్థిరాస్తి" అన్నాను. అలవాటు చొప్పున వచ్చేసింది.

"అదీ." ఆయన తృప్తిగా వెనక్కి వాలారు. "భర్త ప్రకటన, భార్య ఒప్పుకోలు. ఇక మిగిలింది విచారణ."

మరమ్మతు మాట ఎత్తితే ఆయన నిబంధనావళి తెరిచారు. ఫ్లాట్లకు మరమ్మతు చేయాలంటే కమిటీ అనుమతి కావాలి, మధ్యాహ్నం పడుకునే వేళ సుత్తి చప్పుడు చేయరాదు, బయటి గోడలకు రంధ్రాలు వేయరాదు.

"రంధ్రం వేయడం లేదండీ, పూడుస్తున్నాను" అన్నాను.

"ఎలా పూడుస్తారు?"

చెప్పాను. మేకు లాగి, ఆ రంధ్రాన్ని ముందు గరుకు సూదితో కాస్త పెద్దది చేసి, జిగురు తాడు అందులో దూర్చి, బయట మిగిలిన ముక్క కోసేయాలి.

"రంధ్రం పూడ్చడానికి రంధ్రం పెద్దది చేస్తారు" అన్నారాయన నెమ్మదిగా, ప్రతి మాటా సాక్షి ముందు చదువుతున్నట్టు. "అమ్మా, ఇదే మాట చెప్పిన బిల్డర్ని ఒకణ్ణి నేను నమ్మాను. మా ఇంటి స్నానాల గది ఇప్పటికీ కారుతోంది."

మర్నాడు కారు అద్దం మీద నోటీసు అంటించారు.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గౌతమీ నివాస్ పార్కింగు ప్రదేశమందు ఎట్టి అనుమతియు లేక వెలసిన ఫ్లాటు యొక్క చతుస్సరిహద్దులు: తూర్పు, జనరేటరు. దక్షిణం, 204 వారి స్కూటరు. పడమర, గోడ. ఉత్తరం, సూరిబాబు మంచము. సదరు హద్దుల మధ్య గల నిర్మాణము అక్రమమైనందున ఏల కూల్చరాదో వారం దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

తూర్పూ దక్షిణమూ సరిగ్గానే ఉన్నాయి. మంచం మాత్రం దక్షిణం వైపే ఉంది, స్కూటరు పక్కన. పట్టాభి గారికి ఆ సంగతి చెప్పాను. ఆయన నోటీసు మార్చలేదు. సూరిబాబు చేత మంచం మార్పించారు.

అయితే కూల్చాలంటే క్రేను రావాలి. క్రేను కూడా వాహనమే, దానికి లోపల పార్కింగు స్థలం లేదు. కమిటీ రెండు రోజులు తర్జనభర్జన పడి, కూల్చడం కన్నా క్రమబద్ధీకరించడం సులువని తేల్చింది. ఊళ్లో ఏదైనా అలాగే తేలుతుంది. అపరాధ రుసుము మా ఆయన కట్టారు. ఎంతో చెప్పను; ఆ పూట ఆయన అన్నం తినలేదు.

క్రమబద్ధీకరణకి కొలతలు తీసుకోవడానికి కమిటీ కిందికి దిగింది. వీరభద్రం గారు, పట్టాభి గారు, టేపు పట్టుకుని సూరిబాబు. కారు తాళం నా దగ్గర ఉండబట్టి నన్నూ పిలిచారు.

"పడకగదులెన్ని?" అన్నారు వీరభద్రం గారు.

ముందు సీటు వెనక్కి వాల్చి చూపించాను. వెనక సీటు సరేసరి.

"డబుల్ బెడ్‌రూమ్" రాసుకున్నారు పట్టాభి గారు. "ఏసీ ఉన్నదా?"

"ఉందండీ. ఇంజను వేస్తేనే."

"జనరేటరు సౌకర్యం సొంతం" అని రాసుకున్నారు. "వంటగది?"

"లేదండి" అన్నాడు సూరిబాబు. "కానీ ఎండాకాలం ఆ ముందు బల్ల మీద పల్లీలు పెడితే వేగిపోతాయండి, ఆయ్."

"పాక్షిక వంటగది."

"వెనక ఈ గది ఏమిటి?" అని వీరభద్రం గారు డిక్కీ తట్టారు. తెరిచాను. స్టెప్నీ, ఒక పాత దుప్పటి, మా అత్తగారి పచ్చడి జాడీ. ఆ జాడీ కోసం ఆమె ఉగాది నుంచి ఇల్లంతా వెతుకుతున్నారు.

"నిధి నిక్షేపములు" అని రాసుకున్నారు పట్టాభి గారు.

ఇక వాస్తు. కారు తూర్పుముఖంగా ఉంది, అందరూ సంతోషించారు. నాలుగు ద్వారాలు కాబట్టి సింహద్వారం ఏదన్న చర్చ కాసేపు నడిచింది. తాళం పెట్టే తలుపే సింహద్వారమని తేలింది. తర్వాత వీరభద్రం గారు దిగిపోయిన మూల దగ్గర ఆగి, వేళ్ల మీద దిక్కులు లెక్కపెట్టుకున్నారు.

"తూర్పుముఖానికి ఎడమ వైపు వెనక మూల. వాయవ్యం" అన్నారు.

"చిత్తం" అన్నారు పట్టాభి గారు.

"వాయువు మూలలో వాయువు లేదు."

సూరిబాబు తల మీది తువ్వాలు తీసేశాడు. ఎవరో పోయినట్టుంది.

"గాలి కొట్టించమంటారా?" అన్నాను ఆశగా.

"గాలి కొడితే కదులుతుంది. కదిలితే స్థిరాస్తి కాదు. స్థిరాస్తి కానిదానికి మనం రుసుము ఎలా తీసుకున్నాం?" అన్నారాయన. "ఈ దోషానికి శాంతి చేయించండి. గాలి మాత్రం కొట్టకండి."

ఆ శుక్రవారం మా కారుకి జి-1 అని నంబరు వచ్చింది. బానెట్ మీద రేకు పలక బిగిస్తామన్నారు. రంధ్రాలు వేయరాదన్న నిబంధన గుర్తు చేశాను, జిగురుతో అంటించారు. ఇరవై ఐదో ఫ్లాటుకి ఇవ్వవలసినవన్నీ ఇవ్వసాగారు. సూరిబాబు రోజూ పొద్దున దాని వాటా నీళ్లు బకెట్టుతో తెచ్చి చక్రం పక్కన పెట్టి, సాయంత్రం తీసుకెళ్లి మొక్కలకి పోసేవాడు. జి-1 వారు తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వడం లేదని నాలుగో రోజు ఫిర్యాదు వచ్చింది. అప్పటి నుంచి మా అత్తగారు రోజూ ఒక అరటితొక్క, ఒక పాత పేపరు కిందికి పంపుతూ వచ్చారు.

"దానికి మాత్రం మర్యాద తక్కువేంటి" అన్నారామె. "వేరు కాపురం పెట్టిందిగా."

ఇదంతా ఇలా ఉండగా రెండు సంగతులు ఎవరూ ముందుగా చూసుకోలేదు.

ఒకటి, నిబంధనావళి ప్రకారం ప్రతి ఫ్లాటుకీ ఒక పార్కింగు స్థలం ఇవ్వాలి. జి-1 ఫ్లాటే కాబట్టి దానికీ ఒకటి ఇవ్వాలి. జనరేటరు పక్కన ఖాళీ చేయించి, పసుపు రంగుతో గీతలు గీసి జి-1 అని రాశారు. మా కారుకి ఉండడానికో చోటు, పార్కు చేసుకోవడానికి ఇంకో చోటు.

రెండోది, ప్రతి ఫ్లాటుకీ ఒక యజమాని ఉంటారు. కారు ఆర్సీలో ఉన్న పేరు నాది.

సర్వసభ్య సమావేశం ఆహ్వానం మా తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. ఒకటి కాదు, రెండు. మొదటిది ఎప్పటిలాగే భానుమూర్తి గారికి. రెండోదాని మీద "జి-1 యజమానురాలు శ్రీమతి హైమవతి గారికి" అని ఉంది. నేను దాన్ని వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివాను. కిందటేడు సంపు శుభ్రం చేయించడం లేదని అడగడానికి ఇలాంటి సమావేశానికే వెళ్లాను. నోరు తెరవగానే వీరభద్రం గారు ఎంతో మన్ననగా, "అమ్మా, తమరు నివాసి మాత్రమే. యజమాని గారిని పంపండి" అన్నారు. యజమాని గారు ఆ రోజు క్రికెట్ చూస్తున్నారు. సంపు అలాగే ఉండిపోయింది, అందులో బల్లులతో సహా.

ఆహ్వానం సంగతి మొదట పసిగట్టింది 304 రాజ్యలక్ష్మి గారు. ఆమె స్కూలు టీచరు. రెండేళ్లుగా తన స్కూటీ పెట్టుకోవడానికి చోటు లేక గేటు బయట పెడుతున్నారు. సాయంత్రం నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"హైమవతి గారూ, స్కూటీ అయితే ఎన్ని గదులొస్తాయంటారు?"

"రెండు చక్రాలే కదండీ. ఒక గది రావచ్చు."

"ఒక్క గది చాలు నాకు" అని వెళ్లిపోయారు. కాసేపటికి కింద నుంచి బుస్సుమని చప్పుడు వినిపించింది.

ఆ రాత్రే గ్రూపులో ప్రకటన: "పార్కింగులో నా స్కూటీ ఫ్లాట్ అయింది. గమనించగలరు." మా ఆయన వాక్యమే, కారు తీసి స్కూటీ పెట్టారంతే. దస్తావేజు నమూనా ఒకసారి ఆమోదం పొందాక ఎవరైనా మారుస్తారా.

తర్వాత వారమంతా ఎటు విన్నా బుస్సు బుస్సుమని, పాములపుట్టలో ఉన్నట్టే ఉన్నాం. గౌతమీ నివాస్‌లో ఫ్లాట్లన్నీ మగవాళ్ల పేరున ఉన్నాయి గానీ, స్కూటీలు చాలావరకు ఆడవాళ్ల పేరునే ఉన్నాయి. 102 వారి బండి, 401 వారి బండి, తర్వాత ఇక వరస పట్టుకోవడం మానేశాను. జి-2 నుంచి జి-13 దాకా పలకలు వచ్చేశాయి. మగవాళ్లు కొందరు తమ కార్ల గాలీ తీశారు. కానీ ఒక మనిషికి ఒకటే ఓటన్న నిబంధన అడ్డొచ్చి, ఒట్టి మెయింటెనెన్సు మాత్రమే మిగులుతుందని తెలిసి, తీసిన గాలి మళ్లీ కొట్టించుకోలేక అలా నిలబడిపోయారు. పట్టాభి గారు టేపుతో కొలిచి కొలిచి నడుం పట్టేసి మంచమెక్కారు. ఆయన భార్య బండి జి-9.

జి-13 యజమానురాలు అన్నపూర్ణమ్మ గారు. వీరభద్రం గారి భార్య.

సమావేశం మేడ మీద జరిగింది. కింద జరపడానికి చోటు లేదు. ఫ్లాట్లతో నిండిపోయింది, ఫ్లాట్లకి ఇచ్చిన పార్కింగు స్థలాలు ఎదురింటి ప్రహరీ దాకా పాకాయి. పదమూడు మంది ఆడవాళ్లం ముందు వరసల్లో కూర్చున్నాం. నేను లేచి సంపు సంగతి ఎత్తాను. వీరభద్రం గారు నోరు తెరిచి, నా చేతిలో ఆహ్వానం చూసి, మూసుకున్నారు. సంపు శుభ్రం చేయించాలన్న తీర్మానం మంచినీళ్లు తాగినంత సేపట్లో నెగ్గింది. మెట్ల మీద లైట్లు, లిఫ్టు దగ్గర ముసలివాళ్లు కూర్చోవడానికి బల్ల, పనమ్మాయిలు కూడా లిఫ్టు వాడొచ్చన్నది, అన్నీ అలాగే. మగవాళ్లలో కొందరు వాటిని మొదటిసారి విన్నట్టు ముఖాలు పెట్టారు. మేము ఏళ్ల తరబడి వాళ్లకి అన్నం వడ్డిస్తూ చెప్పినవే అవి.

అప్పుడు వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షస్థానం నుంచి ఒక ప్రతిపాదన. జి శ్రేణి ఫ్లాట్లు యావత్తు రద్దు చేసి, సదరు వాహనములను తిరిగి చరాస్తిగా ప్రకటించి, వాటికి యథేచ్ఛగా గాలి కొట్టుకొనుటకు, పంక్చర్లు వేసుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. రద్దుకు మూడింట రెండు వంతుల ఆమోదం కావలెను."

"మీరే రిజిస్టరు చేసి మీరే రద్దు చేస్తారా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఆడవారు సహకరిస్తే అందరికీ మేలు కదా. ఇంటింటా బండ్లు ఆగిపోయాయి" అన్నారాయన. ఈసారి ఆ మాటలో ఒక్క సదరు కూడా లేదు.

"ఒక్క సందేహమండీ" అన్నారు అన్నపూర్ణమ్మ గారు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన్ని నలుగురిలో ప్రశ్న అడగడం అదే మొదలట. "రద్దయితే మేం ఎవరం?"

"నివాసులు" అన్నారు వీరభద్రం గారు.

మగచేతులన్నీ లేచినా లెక్కకి చాలలేదు; ఒక్క ఆడచెయ్యి లేవలేదు. సమావేశం వచ్చే ఆదివారం సాయంత్రానికి వాయిదా పడింది.

ఆ వారం మా ఇంట్లో రోజూ అదే మాట. మా ఆయన ఆఫీసులో అందరూ, "జి-1 కి గృహప్రవేశం ఎప్పుడు సార్?" అని అడుగుతున్నారట. మెయింటెనెన్సు రెండింతలైంది. మా అత్తగారి మోకాళ్లకి వ్యాయామం చేయించే చోటికి ఆటోలో తీసుకెళ్తున్నాను. నాకూ బాధే. పొద్దున కిందికి వెళ్లి ఆ టైరు చూసినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి. మేకు ఇంకా అక్కడే ఉంది. లాగడం, సూది తిప్పడం, తాడు దూర్చడం, గాలి కొట్టడం. టీ కాచినంత పని. ఒక్క చెయ్యెత్తితే కారు మళ్లీ కారవుతుంది, నడుస్తుంది. ఎత్తకపోతే నడవదు, కానీ నేను మాట్లాడొచ్చు. రెండూ నావే కావడానికి దారి ఏమిటని కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. శనివారం సాయంత్రం మొక్కల దగ్గర పదమూడు మందిమీ కలిశాం. ఎక్కువసేపు పట్టలేదు. అందరూ కూర తరిగేటప్పుడు ఆలోచించినవాళ్లే.

ఆదివారం మధ్యాహ్నం పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు చేశాను. ముగ్గురం కూర్చున్నాం. మా ఆయన రెండోసారి కూర వేయించుకుని, మెత్తగా మొదలుపెట్టారు.

"హైమా, సాయంత్రం రద్దుకి చెయ్యెత్తు. రేపు పొద్దున నువ్వే టైరు బాగుచేసుకో, నేను అడ్డురాను. కారు కారులా ఉంటుంది, నువ్వు నువ్వులా ఉంటావు."

"నేను నేనులా అంటే?"

"అంటే... ఎప్పటిలాగే."

నేను ఆయన కంచంలో మజ్జిగ పులుసు పోశాను. "నిర్ణయం అయిపోయిందండీ" అన్నాను.

"ఎత్తుతున్నావన్నమాట."

"అందరం ఎత్తుతాం. కానీ ఇవాళ కాదు. మా పదమూడు మందిదీ ఒకటే మాట. ఏ ఇంటి ఫ్లాటు దస్తావేజులో ఆ ఇంటి ఆడమనిషి పేరు ఎక్కుతుందో, ఆ ఇంటి చెయ్యి రద్దుకి లేస్తుంది. పేరెక్కిన రోజు గాలెక్కుతుంది."

ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. "ఫ్లాటు నా పేరున ఉంటే నీకేం తక్కువైంది? నీదీ నాదీ వేరా?"

"వేరు కాదు కాబట్టే అడుగుతున్నాను. వేరైతే అడగడానికి మొహమాటపడేదాన్ని."

"వీరభద్రం గారు ఒప్పుకుంటారా ఇలాంటి తలాతోకా లేనిదానికి?"

"అన్నపూర్ణమ్మ గారి పేరున సగం వాటా రాసి, చిత్తు ప్రతి నిన్న రాత్రే ఆయనే తయారుచేశారట. మిగతా పన్నెండిటికీ అదే నమూనా, పేర్లు మార్చుకుంటే చాలన్నారు. మన దాంట్లో రెండు అక్షరదోషాలున్నాయి, దిద్దాను. రేపు సోమవారం, రిజిస్ట్రారు ఆఫీసు తెరిచే ఉంటుంది. మీరు సెలవు పెట్టండి."

ఆయన బీమా మనిషి. మినహాయింపు కోసం అన్ని వైపులా వెతికారు.

"కారు కదలదుగా. రిజిస్ట్రారు ఆఫీసుకి ఎలా వెళ్తాం?"

"ఆటోలో."

మా అత్తగారు అప్పటిదాకా తలెత్తకుండా తింటున్నారు. పెరుగు గిన్నె తన వైపు లాక్కుని, దాని మీద చెక్కి ఉన్న తన పేరు బొటనవేలితో ఒకసారి తుడిచారు.

"పెద్ద ఆటో మాట్లాడవే" అన్నారు నాతో. "నేనూ వస్తాను. సాక్షి లేకుండా వీడితో సంతకాల పని పెట్టుకోకు. వీడి నాన్న కూడా ఇలాగే, నీదీ నాదీ వేరా అనేవాడు."